ముళ్ళు మంజూరు కాని ముళ్ళపంది

మా బడిలో బొమ్మలు గీయడానికి డిజిటల్ పరికరం ఎంపిక చేసే కమిటీలో నాకు చోటు దొరకలేదు. నేను డ్రాయింగ్ టీచర్ని. డ్రాయింగ్ టీచర్‌కి డ్రాయింగ్ పట్ల పక్షపాతం ఉంటుంది కాబట్టి సభ్యురాలిగా వద్దు, ప్రత్యేక ఆహ్వానితురాలిగా కూర్చోబెడదాం అని ప్రిన్సిపాల్ గారు సెలవిచ్చారు. ప్రత్యేక ఆహ్వానితురాలంటే టీ తాగొచ్చు, ఓటు మాత్రం వెయ్యకూడదు. నాకు టీ అలవాటు లేదు.

ఏడో తరగతి పిల్లలు ఒకటో తరగతి పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం తయారుచెయ్యాలని, బొమ్మలు కూడా పిల్లలే డిజిటల్‌గా గీయాలని పైనుంచి పథకం వచ్చింది. దాని వెనకే నిధులూ వచ్చాయి. పథకాలు రావడం మాకు మామూలే గానీ, నిధుల్ని వెంటబెట్టుకుని రావడం అరుదు. అందుకని బడి మొత్తానికీ ఒక్కసారిగా చిత్రకళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అప్పటిదాకా నా పీరియడ్‌ని లెక్కల సారూ సైన్సు సారూ వంతులేసుకుని పంచుకునేవారు.

కథ ఎంపికలో గొడవేం రాలేదు, ఎందుకంటే ఇంకెవరూ కథ రాయలేదు. ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎప్పుడు చూసినా చెవి వెనక పెన్సిల్ ఉంటుంది. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడే వినిపిస్తుంది, మిగతా వేళల్లో అందరికీ అది పెన్సిలే. వాళ్ళమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. కుట్టుమిషన్ పక్కన గుండుసూదులు గుచ్చి ఉంచుకునే గుడ్డ ఉండ ఒకటుంటుంది కదా, దాన్ని చూసి చూసి ఆ పిల్ల ముళ్ళపందిని గీయడం నేర్చింది. కథా ముళ్ళపందిదే. దాంతో ఎవరూ ఆడరు. దగ్గరికొస్తే గుచ్చుకుంటుంది. ముళ్ళు పీకేసుకుందామని చూస్తే దానికే నొప్పి. చివరికి కుందేలు వచ్చి, "మేం చెయ్యంత దూరంలో కూర్చుంటాం, అక్కణ్ణించే ఆడుకుందాం" అంటుంది. అంతటితో కథ అయిపోతుంది.

పెన్సిల్ చెల్లెలు ఒకటో తరగతిలో ఉంది. దాన్ని చిట్టి అంటారు. చిట్టిని ఎవరైనా ముట్టుకుంటే ఒళ్ళంతా బిగబట్టి, బడి దద్దరిల్లిపోయేలా అరుస్తుంది. పెంకిపిల్ల కాదు, ఒకరి చెయ్యి తగలడం దానికి పడదు, అంతే. తోటి పిల్లలు దానికి ముళ్ళపంది అని పేరు పెట్టి, భోజనాల వేళ బెంచీ అంతా దానికే వదిలేశారు.

"వాళ్ళని తిట్టడానికి లేదు టీచర్, చిన్నపిల్లలు" అంది పెన్సిల్ నాతో, రంగుల డబ్బాలు సర్దుతూ. "నేను చెప్తే నమ్మరు. పుస్తకంలో ఉంటే నమ్ముతారు. దానిక్కూడా తన బొమ్మ చూసుకున్నట్టుంటుంది."

ఈ పుస్తకం బాగా రావాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. నా కోపమంతా అక్కణ్ణించే మొదలైంది, కాబట్టి నన్ను ఊరికే చిరాకు మనిషి అనుకోకండి.

కమిటీలో ఉన్నది ముగ్గురు. ప్రిన్సిపాల్ గారు, కంప్యూటర్ సారు, భాషా టీచర్. ఈ భాషా టీచర్ నాకు స్వయానా తోటికోడలు, మా మరిది భార్య. బడిలో నన్ను మేడమ్ అంటుంది, ఇంట్లో అక్కా అంటుంది. నాచేత ఏదైనా పని చేయించుకోవాలంటే బడిలో కూడా అక్కా అంటుంది. ప్రిన్సిపాల్ గారు ఎండగా ఉందంటే కొంగుతో చెమట తుడుచుకుంటుంది, చలిగా ఉందంటే అదే కొంగు కప్పుకుంటుంది.

ఎంపిక జరిగిన రోజు కంపెనీ మనిషి టై కట్టుకుని వచ్చి, స్టాఫ్ రూము బల్ల మీద మూడు పరికరాలు పరిచాడు. మొదటిది నల్లటి పలక. దాని మీద గీస్తే గీత పలక మీద పడదు, పక్కనున్న కంప్యూటర్ తెర మీద పడుతుంది. ప్రిన్సిపాల్ గారు పలక వంకే చూస్తూ కలంతో గీశారు, మళ్ళీ గీశారు, కలాన్ని విదిలించారు, చివరికి నోటి దగ్గర పెట్టుకుని ఊదారు.

"సిరా అయిపోయినట్టుందయ్యా" అన్నారు.

కంప్యూటర్ సారు తెర చూపించాడు. అక్కడ కాకి గూడు లాంటిదేదో తయారై ఉంది. దాంతో మొదటి పరికరం ఓడిపోయింది. నన్నడిగితే ఆ మూడింట్లో పిల్లలు తొందరగా నేర్చుకోగలిగేదీ, పగలగొట్టలేనిదీ అదే. కానీ నన్నెవరూ అడగలేదు.

రెండోది తెర మీదే గీసేది. దానికి వైర్లు ఎక్కువ. మూడోది ఒళ్ళో పెట్టుకుని గీసుకునే టాబ్లెట్, అందులోనే బ్రష్షులూ రంగులూ అన్నీ ఉన్నాయి. కంప్యూటర్ సారు అట్ట మీది అంకెలన్నీ చదివి వినిపించాడు. ఈ కలం కొన్ని వేల స్థాయిల్లో ఒత్తిడిని గుర్తుపడుతుందట. అలాంటి వస్తువు బజార్లో ఉందని తెలిస్తే టీచర్లందరం ఎప్పుడో తలొకటీ కొనుక్కునేవాళ్ళం.

"ఒక పిల్లని పిలిచి గీయించి చూద్దాం సార్" అన్నాను.

"పిల్లల చేతికిస్తే పాడు చేస్తారు మేడమ్. ముందు కొననివ్వండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

కాబట్టి కమిటీయే గీసి చూసింది. కమిటీ ఏం గీసిందో చెబితే మీరు నమ్మకపోవచ్చు. సంతకాలు గీసింది. చేతికి కొత్త కలం ఇస్తే పెద్దవాళ్ళు చేసేది అదే, ఎంతో కాలంగా వాళ్ళ చేతులు గీసిన బొమ్మ అదొక్కటే. కంప్యూటర్ సారు సంతకం పెట్టి మురిసిపోయాడు. మా తోటికోడలు సంతకం పెట్టి కింద రెండు చుక్కలు పెట్టింది. ప్రిన్సిపాల్ గారు కుర్చీ ముందుకు జరుపుకుని, ఊపిరి బిగబట్టి, తన సంతకం పెట్టారు. అది తెర మీద వణుకుతూ, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టు వచ్చింది. ఆయన మొహం మాడిపోయింది.

కంపెనీ మనిషి పాతకాపు. తెర మూల ఏదో నొక్కి, ఒక గీటు మీది చుక్కని ఈ చివరినుంచి ఆ చివరికి జరిపాడు.

"ఇప్పుడు పెట్టండి సార్. స్టెబిలైజర్ పూర్తిగా పెంచాను. చెయ్యి వణికినా గీత వణకదు."

"మా ఫ్రిజ్‌కి కూడా ఉంది సార్ ఇలాంటిది" అంది మా తోటికోడలు.

ప్రిన్సిపాల్ గారు మళ్ళీ పెట్టారు. కలం ముందు నడుస్తుంటే గీత తీరిగ్గా వెనక వచ్చింది. వంకరలన్నీ మింగేసి, ఒంపులన్నీ గుండ్రంగా తిప్పి, హంస మెడలాంటి సంతకం ఒకటి తెరంతా పరుచుకుంది. ఆయన దాన్ని తల ఇటు వంచి చూశారు, అటు వంచి చూశారు. బిడ్డని మొదటిసారి చూసుకుంటున్న తండ్రి మొహం అది.

"ఇది తీసుకుందాం" అన్నారు మెల్లగా.

పిల్లల సృజనాత్మకతకు అన్ని విధాలా అనువైనది అని మా తోటికోడలు నివేదిక రాసింది. ముగ్గురూ ఆ పరికరం మీదే సంతకాలు పెట్టారు.

టాబ్లెట్ ప్రిన్సిపాల్ గారి గదిలో మఖమలు సంచీలో కాపురం పెట్టింది. ఆయన సర్క్యులర్లన్నీ దాని మీదే సంతకం చేయడం మొదలుపెట్టారు. అవసరం లేని సర్క్యులర్లు కూడా పుట్టాయి. మెట్ల మీద కుడివైపు నడవాలని ఒకటి, గత సర్క్యులర్ అందరూ చదవాలని ఒకటి. డ్రాయింగ్ పీరియడ్‌లో మాత్రం పరికరం పిల్లలకు ఇచ్చేవారు. ఇచ్చేముందు కంప్యూటర్ సారుతో ఒక ఏర్పాటు చేయించుకున్నారు. ఆ స్టెబిలైజర్‌ని ఎవరూ కదపకుండా తాళం వేయించి, పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకున్నారు.

పెన్సిల్ మొదటి రోజు టాబ్లెట్ ముందు కూర్చుని ముళ్ళపందిని గీసింది. వీపు మీద చకచకా పైకీ కిందకీ ముళ్ళు వేసింది. తెర మీద ముళ్ళ బదులు పిల్లకాలవ అలలు వచ్చాయి. విడివిడిగా ఒక్కో ముల్లూ విదిలించి చూసింది. గీత వెనకబడి సగంలోనే ఆగిపోయి, మొండి ముక్కలు మిగిలాయి. ఒత్తి గీసింది, తేలిగ్గా గీసింది, మరో బ్రష్ మార్చి చూసింది. పీరియడ్ అయిపోయేసరికి తెర మీద కళ్ళూ ముక్కూ ఉన్న బంగాళాదుంప ఒకటి కూర్చుని ఉంది.

"నాకు చేతకావడం లేదు టీచర్" అంది. ఎప్పుడు చూసినా గీస్తూనే ఉండే పిల్ల నోట ఆ మాట వినేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు కాదు, దానికి చేతకావడం లేదు" అని చెప్పి తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

ఆయన సెలవు చీటీల మీద సంతకాల సాధనలో ఉన్నారు. విషయమంతా చెప్పాను. కథ ఎవరి కోసమో, ఆ చిన్నపిల్ల ఎవరో కూడా చెప్పాను.

"ముళ్ళెందుకు మేడమ్? పిల్లల పుస్తకం కదా" అన్నారు తల ఎత్తకుండానే.

"కథ ముళ్ళ గురించే సార్. ఆ తాళం ఒక్కసారి తీయిస్తే చాలు, పని అయ్యాక మళ్ళీ మీకెలా కావాలంటే అలా పెట్టించుకోండి."

"ఇప్పుడు కుదిరింది మళ్ళీ కుదురుతుందని నమ్మకమేంటి? అయినా వంకర గీతలకి కాగితం చాలదూ, ఇంత మంచి పరికరం ఎందుకు?"

"పోనీ కాగితం మీదే గీయిస్తాను. స్కాన్ చేసి పెడదాం."

"అది డిజిటల్ అవదు. డిజిటల్‌కి తీసిన ఫొటో అవుతుంది" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటని నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఆయన కమిటీని పిలిచారు. బొమ్మలో ముళ్ళు రావడం లేదు కాబట్టి కథలో ముళ్ళు తీసేస్తే సరిపోతుందని కమిటీ తేల్చింది. బంగాళాదుంప కథగా మార్చేద్దామా అని కూడా మా తోటికోడలు అడిగింది. కుదరదు, పథకం కాగితాల్లో ముళ్ళపంది అని రాసి పంపించేశారు. చివరికి మధ్యేమార్గం దొరికింది. ముళ్ళపంది ముళ్ళపందే, కానీ దానికి ముళ్ళు ఉండవు, అది మంచి ముళ్ళపంది. ఆఖర్న కుందేలూ అదీ కావలించుకుంటాయి. చెయ్యంత దూరం మాట తీసెయ్యాలి, అది దూరం పెంచే సందేశమట. కథ దిద్ది అచ్చుకు పంపే పని మా తోటికోడలికి అప్పగించారు.

ఆ సాయంత్రం వంటింట్లో నేను గిన్నెలు చప్పుడు చేస్తూ కడుగుతుంటే మా తోటికోడలు పక్కన నిలబడి తుడుస్తోంది.

"అంత గట్టిగా తోమితే కళాయి పోతుందక్కా" అంది.

"పోనీ. నున్నగా ఉంటేనే కదా మీ కమిటీకి ఇష్టం."

"నన్నేం చేయమంటావు? ఆయన ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు."

"కథ మార్చడానికి చేతులు మాత్రం బాగా ఆడతాయి."

అది గిన్నె పక్కన పెట్టి, తువ్వాలు మేకుకి తగిలించి, తన గదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళు మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. మా అత్తగారు మాత్రం ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని సంబరపడ్డారు.

పెన్సిల్‌కి సంగతి నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను, కనీసం ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. మిగిలిన బొమ్మలన్నీ గీసి ఇచ్చింది. చెట్టు, కుందేలు, దారి, ప్రతి పేజీలో ఒక నున్నని దుంప.

"ముళ్ళు లేకపోతే అది చిట్టి కాదు టీచర్" అంది ఆఖరి బొమ్మ ఇస్తూ. "ఎవరో వేరే వాళ్ళు."

పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట తిప్పగానే ప్రిన్సిపాల్ గారి ముందుమాట. మాట రెండే వాక్యాలు, మిగతా పేజీ అంతా సంతకం. ఆవిష్కరణ ఒకటో తరగతి గదిలోనే పెట్టారు. కుర్చీలు చిన్నవి కావడంతో ప్రిన్సిపాల్ గారి మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కంప్యూటర్ సారు కెమెరాతో సిద్ధంగా ఉన్నాడు. పిల్లలందరి చేతుల్లోనూ తలా ఒక పుస్తకం పెట్టారు. చిట్టి కిటికీ పక్క బెంచీలో ఒక్కతే కూర్చుని ఉంది. దాని పక్కన ఇంకో ఇద్దరు పట్టే జాగా ఖాళీగా ఉంది.

పెన్సిల్ ముందు నిలబడి కథ చదవడం మొదలుపెట్టింది. ముళ్ళు లేని మంచి ముళ్ళపంది నడుస్తూ వెళ్తోంది, ఎవరూ దాంతో ఆడటం లేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. ఆఖరి పేజీకి వచ్చేసరికి పెన్సిల్ గొంతు తడబడింది. పుస్తకాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"'మేం చెయ్యంత దూరంలో కూర్చుంటాం, అక్కణ్ణించే ఆడుకుందాం' అంది కుందేలు."

ప్రిన్సిపాల్ గారి తల గిర్రున మా తోటికోడలి వైపు తిరిగింది. ఆవిడ పైకప్పుకి ఉన్న ఫ్యాన్‌ని జన్మలో చూడనట్టు చూస్తోంది. అన్నీ దిద్దిన మనిషి ఆ ఒక్క వాక్యం దిద్దడం మర్చిపోయిందట. నేను ఆ క్షణంలోనే దానితో మాట్లాడటం మొదలుపెట్టాను, మనసులో.

ముందు పళ్ళు ఊడిన పిల్ల ఒకత్తి లేచి నిలబడింది.

"దానికి ముళ్ళే లేవు కదా. మరి దూరంగా ఎందుకు కూర్చోవాలి?"

న్యాయమైన ప్రశ్న. కమిటీలో ఎవరికీ తట్టనిది. కంప్యూటర్ సారు కెమెరా దించి, "అది కొన్ని సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టి, పూర్తి చెయ్యడమెలాగో తెలియక ఆగిపోయాడు.

"దానికి ముళ్ళున్నాయి" అని కిటికీ పక్కనుంచి వినిపించింది. "మీకు కనబట్టం లేదంతే."

చిట్టి లేచి వచ్చింది. ఎవరికీ తగలకుండా, బెంచీల మధ్య పక్కవాటుగా నడిచి వచ్చింది. అక్క చెవి వెనకున్న పెన్సిల్‌ని, చెవికి వేలు తగలకుండా, సూది తీసినట్టు తీసింది. పుస్తకం నేల మీద పెట్టి గొంతుక్కూర్చుని, దుంప వీపు మీద ముళ్ళు వేయడం మొదలుపెట్టింది. కాగితం చిరుగుతుందేమో అనేంత గట్టిగా, చకచకా, వంకరటింకర ముళ్ళు. పేజీ తిప్పి మళ్ళీ వేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"నాకూ వెయ్యవా?" అని పళ్ళూడిన పిల్ల తన పుస్తకం పట్టుకుని వచ్చింది. వెనక ఇంకొకత్తి వచ్చింది. కాసేపట్లో వరస కట్టారు.

"ఆగండి. చెయ్యంత దూరం" అని పళ్ళూడిన పిల్ల చెయ్యి చాపి కొలిచి మరీ వరసని వెనక్కి జరిపింది. ఒక్కొక్కరూ పుస్తకం నేల మీద పెట్టి చిట్టి వైపు తోస్తున్నారు, అది ముళ్ళు వేసి తిరిగి తోస్తోంది. పెన్సిల్ నోరు తెరుచుకుని చూస్తోంది. దాని కథ దాని కళ్ళముందే నేల మీద నడుస్తోంది.

మంచి ఫొటో చేజారిపోతోందని ప్రిన్సిపాల్ గారికి అనిపించినట్టుంది. లేచి, కోటు సర్దుకుని, వరసని దాటుకుని ముందుకొచ్చి, "ఏదీ, నా పుస్తకంలో కూడా వెయ్యమ్మా" అన్నారు కెమెరా వైపు నవ్వుతూ.

చిట్టి పుస్తకం తీసుకుంది. అట్ట తిప్పింది. మొదటి పేజీలో సంతకం, గుండ్రంగా, నున్నగా, హంస మెడతో. దాన్ని కాసేపు పరీక్షగా చూసి, దాని ఒంపు మీద మొదటి ముల్లు వేసింది. తర్వాత రెండోది. తర్వాత ఇక లెక్కలేదు.

"అది కాదమ్మా, అది నా సంతకం" అన్నారు ఆయన, నవ్వు చెదరకుండా.

"దీనికీ ఉన్నాయి" అంది చిట్టి.

గదిలో ఎక్కడో కిసుక్కుమన్న చప్పుడు వినిపించింది. అది మా తోటికోడలేనని ప్రమాణం చేసి చెప్పగలను. ఇక ఫొటో దక్కించుకోవడమే మార్గమని ప్రిన్సిపాల్ గారు చిట్టి తల నిమరడానికి చెయ్యి చాపారు. చిట్టి ఒళ్ళు బిగుసుకుంది. నేను ముందుకు కదిలాను, కానీ నాకంటే ముందు వరసలోని పిల్లలంతా ఒకే గొంతుతో అన్నారు.

"సార్, చెయ్యంత దూరం."

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కంప్యూటర్ సారు కంగారులో కెమెరా నొక్కేశాడు.

ఆ రోజు కుదిరిన ఫొటో అదొక్కటే కావడంతో దాన్నే పెద్దది చేయించి ప్రిన్సిపాల్ గారి గదిలో, మఖమలు సంచీకి పైన వేలాడదీశారు. గదికి వచ్చినవాళ్ళు ఆయన పిల్లల్ని ఆశీర్వదిస్తున్నారనుకుంటారు. నేను పని కల్పించుకుని మరీ వెళ్ళి చూస్తుంటాను, ఆ చెయ్యిని కాదు. ఆ చేతికి జడిసి చిట్టి లేచి ఒక్క అడుగు వెనక్కి వేసింది. వెనక వాళ్ళక్క ఉంది. ఫొటోలో దాని వీపు అక్కకి ఆనుకుని ఉంది, అది అరవడం లేదు, పెన్సిల్ ఊపిరి తీసుకోవడానికి కూడా భయపడుతూ కదలకుండా నిలబడి ఉంది.